అమ్మలూకి, గుర్రాల గురించి

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. సిమ్స్ 4 అనే కంప్యూటర్ ఆటకి గుర్రాలు పెంచుకునే హార్స్ రాంచ్ ప్యాక్ కొన్నావు, మూడు రోజులుగా గుర్రాన్ని పోటీల మీద పోటీలకి తీసుకెళ్తున్నావు, ఒక్కటీ గెలవలేదు, పైగా గుర్రం నీ సిమ్‌ని, అంటే ఆటలో నువ్వు నడిపించే మనిషిని, కింద పడేస్తోంది. "ఏం చెయ్యను పెద్దమ్మా" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. మీ అక్క ఇంటర్ చదివే రోజుల్లో తన పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకున్న ఆట ఇది. తను మానేసింది, నేను మానలేదు. 2011లో సిమ్స్ 3కి పెట్స్ అనే పెంపుడు జంతువుల ప్యాక్ వచ్చినప్పుడు గుర్రాలు పెంచాను. 2023 జూలైలో హార్స్ రాంచ్ వచ్చిన దగ్గర్నుంచీ సిమ్స్ 4లో పెంచుతున్నాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. సిమ్స్ 3లో గుర్రం మీద నొక్కి దాన్నే నేరుగా నడిపించేవాళ్ళం. ఇందులో అలా కాదు. నీ చేతిలో ఉన్నది మనిషి ఒక్కడే. గుర్రానికి ఏం చెప్పాలన్నా ఆ మనిషి ద్వారానే చెప్పాలి. రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నువ్వు మూడు రోజులూ గుర్రం స్కిల్సే చూసుకున్నావు. నీ సిమ్ రైడింగ్ స్కిల్ ఎంతలో ఉందో ఒక్కసారైనా చూశావా? అది 10 మెట్ల స్కిల్. మొదటి రెండు మెట్ల మీద ఉన్నవాడిని పోటీకి పంపితే పడిపోక ఏం చేస్తాడు? కనీసం 4, 5 వచ్చేదాకా పోటీ జోలికి పోవద్దు. పొద్దున్నే ఇంటి చుట్టూ సవారీ, సాయంత్రం గాలపింగ్ గల్చ్ పేట వైపు ఎర్రమట్టి దారుల్లో సవారీ, అంతే. ఈ ప్యాక్‌తో వచ్చిన ఊరు చెస్ట్‌నట్ రిడ్జ్‌ని చూడటానికి గుర్రాన్ని మించిన బండి లేదు.

రైడింగ్ ఒక్కటే కూడా చాలదు. ఆ ఇద్దరికీ స్నేహం కుదరాలి. స్నేహం లేకుండా జీను వేసి ఎక్కితే ఏ గుర్రమైనా విదిలిస్తుంది. నువ్వు గుర్రాన్ని తెచ్చిన రోజే ఎక్కించి ఉంటావు, అవునా? మొదటి రెండు రోజులూ ఎక్కనే వద్దు. పలకరించు, నిమురు, జూలు దువ్వు, డెక్కలు శుభ్రం చెయ్యి. డెక్కలు శుభ్రం చేసే ఆ పని ఆటలో మొదటిసారి చూసినప్పుడు నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. మా తాతయ్య రాజమండ్రిలో జట్కా తోలేవాడు. రాత్రి ఇంటికొచ్చాక తను కాళ్ళు కడుక్కోకముందే గుర్రం కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి, లాడం కింద ఇరుక్కున్న రాళ్ళు తీసేవాడు. ఆ తర్వాతే ఉలవ గుగ్గిళ్ళు. ఒక్క రాయి ఉండిపోతే తెల్లారేసరికి కుంటుతుందనేవాడు. ఆటలో కుంటదు, కానీ రోజూ చేస్తే దానికి నీ మీద గురి కుదురుతుంది.

గుర్రాన్ని ఎంచుకునేటప్పుడు రంగు ఒక్కటే చూడకు. రంగు నీ ఇష్టం. మనుషుల్నీ గుర్రాల్నీ తయారుచేసుకునే క్రియేట్ ఎ సిమ్‌లో బొట్టు దగ్గర్నుంచి చుక్కల దాకా నువ్వే వేసుకోవచ్చు. నేను చుక్కల అపలూసాలే ఎక్కువ చేస్తాను. అమెరికాలో పలూస్ నది పరిసరాల్లో నెజ్ పెర్స్ తెగవాళ్ళు ఎంచి ఎంచి పెంచిన జాతి అది. అందుకే సిమ్స్ 3లో గుర్రాల ఊరు అపలూసా ప్లెయిన్స్ అయింది, ఇప్పుడు చెస్ట్‌నట్ రిడ్జ్‌లో న్యూ అపలూసా అని ఒక పేట ఉంది. చూడాల్సింది గుణాలు. పిరికిది, మొండిది, స్వేచ్ఛ కోరేది, ఎప్పుడూ మనిషి కావాలనేది, తెలివైనది... ఒక్కోదానికి ఒక్కో తీరు. తొలి గుర్రానికి స్నేహశీలీ తెలివైనదీ అయిన దాన్ని తెచ్చుకో. మొండి గుర్రం మీద నాకు చెడ్డ అభిప్రాయం లేదు, నా దగ్గర ఉన్న వాటిలో అన్నిటికన్నా బాగా గెలిచింది అదే. కానీ అది రెండో గుర్రం కావాలి.

ఇప్పుడు పిల్ల సంగతి. నీ దగ్గర ఆడ గుర్రం చూలు కట్టిందన్నావు కాబట్టి దీని గురించే ఎక్కువ రాయాలి.

గుర్రానికి ఈ ఆటలో మూడే వయసులు: పిల్ల, పెద్దది, ముసలిది. పిల్లగా ఉండేది కొద్ది రోజులే. ఆ రోజులు కూడా ఏపాటివి? మామూలు వేగంలో ఆటలో ఒక నిమిషం మనకి ఒక సెకను. అంటే దాని రోజు మన 24 నిమిషాలు. ఒకటి రెండు సాయంత్రాలు నువ్వు ఆడేసరికి దాని బాల్యం అయిపోతుంది. పిల్ల మీద ఎక్కడానికి వీల్లేదు, పోటీకి పంపడానికి వీల్లేదు. అందుకని అందరూ ఏం చేస్తారంటే ఆటని బాగా తొందరగా నడిపే మూడో వేగం నొక్కి ఆ రోజులు దాటించేస్తారు. నేనూ అదే చేశాను. హార్స్ రాంచ్‌లో నా ఇంట పుట్టిన మొదటి పిల్లని మూడో వేగంలో పెంచి పెద్దదాన్ని చేశాను. పెద్దదయ్యేసరికి అది నా సిమ్‌కి దాదాపు కొత్త గుర్రం. సొంత ఇంట్లో పుట్టినదానితో పరిచయం మొదటి నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ బాధ నాకింకా ఉంది. నువ్వు అలా చెయ్యకు. పిల్ల ఉన్నన్నాళ్ళూ మొదటి వేగమే. తల్లి వెనకాల అది గెంతుకుంటూ తిరగడం, పడుకుని లేవడం, నీ సిమ్ దగ్గరికి వచ్చి మూతి ఆనించడం చూడు. రోజుకి నాలుగైదు సార్లు పలకరించు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్ళని కూడా పంపు. అప్పుడు కుదిరిన చనువే తర్వాత జీను వేసిన రోజున పనికొస్తుంది.

పెద్దదయ్యాక శిక్షణ. గుర్రానికి నాలుగు స్కిల్స్: చురుకుదనం, దూకడం, దమ్ము, నెమ్మది. ఆటలో వాటిని అజిలిటీ, జంపింగ్, ఎండ్యూరెన్స్, టెంపరమెంట్ అంటారు. నాలుగు రకాల పోటీలు ఒక్కోటి ఒక్కో స్కిల్‌ని పట్టి చూస్తాయి. ఇవి ఆటవాళ్ళు కల్పించినవి కావు, నిజంగా ఉన్నవే. ఆ నిజమైనవి ఎలా జరుగుతాయో తెలిస్తే ఏ గుర్రాన్ని దేనికి తయారుచెయ్యాలో నీకే తోస్తుంది.

బారెల్ రేసింగ్‌లో మూడు పీపాలు త్రికోణంగా పెడతారు. ఒక్కోదాని చుట్టూ తిరిగి మూడాకుల ఆకారంలో పరుగు పూర్తి చెయ్యాలి. పీపా పడితే 5 సెకన్లు కలుపుతారు. వేగం కన్నా మలుపు ముఖ్యం, అందుకే చురుకుదనం. షో జంపింగ్ తెలిసిందే, అడ్డుకర్ర ఒకటి పడితే 4 తప్పులు. వెస్టర్న్ ప్లెజర్ అందరూ తేలిగ్గా తీసుకునేది, నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది. అందులో గుర్రం ఎంత హాయిగా, ఎంత నిదానంగా, కళ్లెం వదులుగా ఉన్నా ఎంత మాట వింటూ నడుస్తుందో చూస్తారు. అక్కడ గెలిచేది నెమ్మది. ఇక దమ్ము పోటీ. కాలిఫోర్నియాలో 1955 నుంచి టెవిస్ కప్ అని జరుగుతోంది, 24 గంటల్లో 100 మైళ్ళు. దారిలో మజిలీల దగ్గర పశువైద్యులు గుర్రం గుండె, కాళ్ళు చూస్తారు. కుంటినా, అలసట తగ్గకపోయినా అక్కడితో ఆపేస్తారు, రౌతుకి ఎంత ఆరాటం ఉన్నా సరే.

నువ్వు నాలుగు స్కిల్సూ ఒకేసారి పట్టుకున్నట్టున్నావు. వద్దు. ముందు నెమ్మది. అది పెరిగితే మిగతా శిక్షణలో మొరాయించడం తగ్గుతుంది. ఆ తర్వాత దాని గుణానికి తగ్గది ఒకటి. హుషారైనదానికి పీపాలు, ధైర్యమైనదానికి అడ్డుకర్రలు. ఇల్లు కట్టుకునే బిల్డ్ మోడ్‌లో రెండూ దొరుకుతాయి, పెరట్లోనే పెట్టుకో. అలిసినప్పుడు ఆపు, తిననివ్వు, పడుకోనివ్వు. పోటీ మన కళ్ళ ముందు జరగదు, గుర్రమూ మనిషీ వెళ్ళి ఫలితంతో వస్తారు. కాబట్టి నువ్వు చెయ్యగలిగిందంతా వెళ్ళేముందే చెయ్యాలి. ఆకలితో, మురికితో, నిద్రలేకుండా పంపకు. కింది స్థాయిలో రెండు మూడు గెలిచాకే పై స్థాయికి. అన్నిటికన్నా పెద్ద పోటీ అల్టిమేట్ ఛాంపియన్‌షిప్ మాట ఇప్పట్లో ఎత్తకు.

డబ్బు గురించి రెండు మాటలు. ఒక్క సిమ్‌తో మొదలుపెడితే 20,000 సిమోలియన్లు (ఆటలో డబ్బు) ఇస్తారు. అవన్నీ ఇంటికి తగలెయ్యకు. ఒక గది, ఒక పొయ్యి, ఒక మంచం, మిగతాది గుర్రానికి. మదర్‌లోడ్ అనే చీట్ కోడ్ కొట్టి 50,000 తెచ్చుకోవచ్చని నీకూ తెలుసు. తప్పని అనను, కానీ మొదటి రాంచ్‌కి మాత్రం వద్దు. మేకలు పాలిస్తాయి, గొర్రెలు ఉన్ని ఇస్తాయి. పళ్ళతో నెక్టార్ అనే పానీయం చేసి నిలవ ఉంచితే ధర పెరుగుతుంది. చేతిలో కాస్త ఆడాక ఒక రాంచ్ పనివాణ్ణి పెట్టుకో, ఊడ్చడం వాడికి వదిలెయ్యి. గుర్రం ఒంటి మీద బ్రష్ మాత్రం నీ సిమ్ చేతిలోనే ఉండాలి.

సేవ్ ఎప్పుడూ ఒకే దాని మీద చెయ్యకు, వారానికి ఒకటి వేరే పేరుతో దాచు. అప్‌డేట్ వచ్చిన రోజు మాడ్స్ (బయటివాళ్ళు చేసిన అదనపు ఫైళ్ళు) ఫోల్డర్ ముందు బయటికి తీసెయ్యి, తర్వాతే ఆట తెరువు. ఇది మరిచిపోయి ఒక కుటుంబాన్ని మొత్తం పోగొట్టుకున్నాను, నాలుగు తరాల గుర్రాలు.

గుర్రం ముసలిదైతే పోటీలు ఆపెయ్యి. అది పోవడం చూడలేను అనుకుంటే ఆప్షన్స్‌లో వయసు పెరగకుండా ఆపుకోవచ్చు, అందులో తప్పేం లేదు. నేను ఆపలేదు. నా మొండిది పోయిన రోజు ఆట మూసేసి, మళ్ళీ వారానికి గానీ తెరవలేదు. తెరిచాక దాని పిల్ల మేత తొట్టి దగ్గర నిలబడి ఉంది. ముందు దానికి జూలు దువ్వాను.

ఈ వారం అంతా పోటీలు మానేసి, పైన రాసిన ప్రకారం చేసి చూడు. ఆదివారం నీకు వీలైనప్పుడు వీడియో కాల్ చేసి నీ తెర చూపించు, నీ రాంచ్ ఇద్దరం కలిసి చూద్దాం. పిల్ల ఈలోగా పుడితే ఏ వేళ అయినా సరే ఫోన్ చెయ్యి. తల్లికి ఏం పేరు పెట్టావో నువ్వసలు రాయనేలేదు.

నీ పెద్దమ్మ