రొయ్యల ప్లాంటులో అమోనియా వాసన ‘మామూలే’నా?

మీ చెల్లి నెల్లూరు దగ్గర రొయ్యల ప్లాంటులో మేస్త్రి కింద చేరి మూడు నెలలైందనీ, పోయిన వారం రాత్రి షిఫ్టులో అమోనియా వాసన కొట్టి కళ్ళు మండితే సూపర్‌వైజరు ‘మామూలేలే, పని చూసుకోండి’ అన్నాడనీ రాశారు. చట్టం ప్రకారం యాజమాన్యం ఏం చేయాలి, ఎవరికి చెప్పుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ముందు నా సంగతి చెప్పాలి. ఆ ‘మామూలేలే’ అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ జిల్లాలోనే ఒక ప్లాంటు కంప్రెసర్ రూములో, అంటే రొయ్యల్ని గడ్డకట్టించే చలి కోసం అమోనియాను నడిపే యంత్రాల గదిలో, ఏడేళ్ళు ఆపరేటరుగా చేశాను. రొయ్యల పొట్టు వలిచే పీలింగ్ హాల్లోంచి ఎవరో ఒకామె వచ్చి “అన్నా, వాసనొస్తా ఉంది” అనేది. నాకు రావడం లేదు కాబట్టి లేదనే చెప్పి పంపేసేవాణ్ణి. రోజూ అదే గాలి పీల్చేవాడి ముక్కు దానికి అలవాటు పడిపోతుందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ విషయంలో కొత్తగా చేరిన మీ చెల్లి ముక్కును నమ్మాలి గానీ పాత ఆపరేటరు ముక్కును కాదు. ఎనిమిది గంటలు మనుషులు పనిచేసే చోట గాలిలో అమోనియా సగటున 25 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 25 పాళ్ళు) దాటకూడదని పాత ఫ్యాక్టరీల చట్టం షెడ్యూల్లోనే ఉండేది. 300 పీపీఎం అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. కళ్ళు మండేదాకా వచ్చిందంటే ఎక్కడో వాల్వో, గ్లాండో, గ్యాస్కెట్టో వదులుతోంది. మరమ్మతు చేయించాల్సిన విషయం అది, సర్దుకుపోయేది కాదు.

మా ప్లాంటులో అయింది చెప్తాను. సంక్రాంతి పోయిన వారం, రాత్రి రెండు దాటింది. కంప్రెసరులో పోసే ఆయిలు కొంత గ్యాసుతో పాటు పోయి, ద్రవ అమోనియా నిలవుండే రిసీవరు ట్యాంకు అడుగున చేరుతుంది. అప్పుడప్పుడూ దాన్ని కింద వాల్వు తిప్పి తీసేయాలి. ఆ వాల్వు చెయ్యి వదిలితే తనంతట తనే మూసుకునే రకమైతే భయం లేదు. మాది మామూలు వాల్వు. హెల్పరు తిప్పి, కింద బకెట్టు పెట్టి, ఫోనొస్తే బయటికి పోయాడు. నేను లాగ్ బుక్కులో ప్రెషరు రీడింగులు రాసుకుంటున్నాను. ఆయిలు అయిపోయింది, వెనకే ద్రవ అమోనియా వచ్చేసింది. మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే సరుకు అది, బయట గాలి తగలగానే తెల్లటి పొగైంది. అమోనియా గాలి కంటే తేలిక, పైకి పోతుందని ఐటీఐలో చదువుకున్నా. ఆ రాత్రి మాత్రం చల్లగా, తేమతో బరువెక్కి, నేల మీద మోకాళ్ళెత్తున పాక్కుంటూ హాలు వైపు పోయింది.

హాల్లో ఎనభై మంది దాకా ఆడవాళ్ళు. తల తీసేవాళ్ళు, పొట్టు వలిచేవాళ్ళు, నరం తీసేవాళ్ళు. హాలుకు రెండు తలుపులు. వెనక తలుపుకు తాళం. ఎందుకంటే ఎవరైనా ఏప్రాన్ కింద రొయ్యలు దాచుకుపోతారని అనుమానం. తాళంచెవి గేటు దగ్గర సెక్యూరిటీ జేబులో ఉంది. ఆ వెనక తలుపు పట్టీ దగ్గర గోళ్ళ గీతలు తర్వాత చూశాను, ఇంకా కళ్ళకు కడతాయి. తలుపు రాకపోయేసరికి అందరూ ముందు తలుపుకు తిరిగారు. ఆ దారి మా కంప్రెసర్ రూము పక్కనుంచే. అంటే గ్యాసులోకే పరిగెత్తారన్నమాట.

ఎవరూ చనిపోలేదు, అది మా అదృష్టం. పదకొండు మందిని ఆసుపత్రికి తీసుకుపోయారు. అమోనియాకు నీళ్ళంటే ప్రాణం, తడి ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది. రొయ్యల పనిలో చేతులు, చొక్కా, ఏప్రాన్ ఎప్పుడూ తడే. చంకల్లో, మెడ దగ్గర, కళ్ళలో కాలిన గాయాలయ్యాయి. మా వీధిలో ఉండే ఒకామెకు ఇప్పటికీ మంచు కాలం వస్తే దగ్గు ఆగదు. ఆమె అంతకు ముందు నెలలోనే రెండుసార్లు వచ్చి నాతో వాసన సంగతి చెప్పింది.

ఇక చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం పేరు మీరు వినే ఉంటారు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ అసలు బాధ్యత మారలేదు: పనివాళ్ళకు ప్రమాదం లేని చోటు ఇవ్వాల్సింది యజమానే. కరెంటు యంత్రాలతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పాత చట్టంలో పదిమంది చాలు, కోడ్‌లో ఇరవై మంది ఉండాలి. రొయ్యల ప్లాంటులో ఒక్క షిఫ్టుకే అంతకు మించి ఉంటారు కాబట్టి మీకు ఆ గొడవ లేదు. ‘మీరు మేస్త్రి మనుషులు, మాకు సంబంధం లేదు’ అనే మాట కూడా చెల్లదు. కాంట్రాక్టు మీద వచ్చినా ఆ గోడల లోపల పనిచేసే మనిషి ఫ్యాక్టరీ కార్మికురాలే.

తలుపు సంగతి మళ్ళీ చెప్తున్నా, ఎందుకంటే నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం అదే. ప్రమాదం వస్తే అందరూ తప్పించుకునే దారి ఉండాలి, ఆ దారి పనివాళ్ళకు తెలిసి ఉండాలి, దాన్ని వాడటం వాళ్ళకు నేర్పించాలి. తాళం వేసిన తలుపు దారి కాదు, గోడే. దొంగతనం భయముంటే గేటు దగ్గర ఆడ సెక్యూరిటీని పెట్టుకోవచ్చు. ఒక జీతం ఖర్చు, అంతే.

చట్టంలోని ముఖ్యమైన సంగతులు రాసిన బోర్డు ఇంగ్లీషుతో పాటు పనివాళ్ళలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో కూడా పెట్టాలి. మా దగ్గర ఇంగ్లీషు బోర్డొక్కటే, అదీ మేనేజరు గది పక్కన. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకు తెలుగూ రాదు. సైరను మోగితే ఎటు పోవాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

గ్లౌజులు, గమ్ బూట్లకు కూలిలో పట్టుకుంటున్నారా అని మీ చెల్లిని అడగండి. భద్రత కోసం ఇచ్చే దేనికీ పనివాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదు, వైద్య పరీక్షలకు కూడా. మా ప్లాంటులో అందరికీ ఒకటే సైజు గ్లౌజులు. చిన్న చేతులున్న ఆడపిల్లలకు వేళ్ళు జారి, విసుగొచ్చి తీసి పక్కన పెట్టేవాళ్ళు. ఐసు నీళ్ళలో, క్లోరిన్ నీళ్ళలో నానిన వేళ్ళకు రొయ్య ముల్లు గుచ్చుకుంటే పుండు మానదు. అప్పుడు ‘గ్లౌజులిచ్చినా వేసుకోరు’ అని వాళ్ళనే తిట్టేవాళ్ళు. ప్రతి 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, నిలబడి పనిచేసేవాళ్ళకు సందు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు, ఓవర్‌టైముకు రెట్టింపు కూలి. ఇవన్నీ పాత చట్టం నుంచీ ఉన్నవే. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ళ ఒప్పుకోలు ఉండాలి, వాళ్ళ భద్రత యజమాని చూసుకోవాలి.

తర్వాత ఈఎస్ఐ, అంటే పనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే బీమా. మా పదకొండు మందిలో ఒక్కరికీ ఈఎస్ఐ నంబరు లేదు. మేస్త్రి రాయించలేదు, కంపెనీ అడగలేదు. ప్రైవేటు ఆసుపత్రి బిల్లు యాజమాన్యం కట్టింది, అక్కడితో సరి. ప్రమాదం వల్ల 48 గంటలు పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు నోటీసు పంపాలి. ఆ రాత్రి గురించి మా ప్లాంటు నుంచి ఒక్క కాగితం పోలేదు. ఈఎస్ఐ నంబరు ఉండుంటే, పనిలో తగిలిన గాయానికి పనికి పోలేని రోజులన్నిటికీ దాదాపు 90 శాతం కూలి వచ్చేది. నెల జీతం 21,000 లోపున్నవాళ్ళు దాని కిందికి వస్తారు. పనివాళ్ళ వాటా 0.75 శాతం, యజమానిది 3.25. పనిలో గాయమైతే ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజైనా వర్తిస్తుంది. మేస్త్రి కట్టకపోతే అసలు కంపెనీయే కట్టాలి. మీ చెల్లి ఫోనుకు ఈఎస్ఐ నంబరు మెసేజి వచ్చిందా? అపాయింట్‌మెంట్ లెటరు ఇచ్చారా? లేకపోతే ఈ రెండూ ముందు అడగండి.

ఫిర్యాదు ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరుకు చేయాలి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే యాజమాన్యానికి చెబుతూనే ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కు పనివాళ్ళకుంది. ఫిర్యాదు ఎవరిచ్చారో ఆయన బయటపెట్టకూడదు. కానీ ఉన్నమాట చెప్పాలిగా. హాల్లో ముందురోజు తాళం గురించి అడిగిన పిల్ల ఎవరో మేస్త్రికి తెలుసు, మర్నాడు ఇన్‌స్పెక్టరొస్తే లెక్క కట్టేస్తాడు. అందుకే ఒక్కతే అడగొద్దు, నలుగురైదుగురు కలిసి అడగాలి. ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తేదీ, టైము, ఏ హాలు, ఎంతమందికి కళ్ళు మండాయి, ఎవరికి చెప్పారు, ఆయనేమన్నాడు, ఇవి రాస్తే చాలు. బూతులు, బెదిరింపులు వద్దు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోట కూడా ఒక కాపీ ఇవ్వండి, నంబరు వేసి రసీదిస్తారు.

ఇంకా ఒకటి, ఇది ఈ రాత్రికే పనికొస్తుంది. గ్యాసు వస్తే గాలికి అడ్డంగా పరిగెత్తాలి, గాలి పోయే వైపు కాదు. మన తీరంలో పగలు సముద్రం మీదనుంచి గాలి వీస్తే రాత్రి చాలాసార్లు నేల మీదనుంచి సముద్రం వైపు తిరిగిపోతుంది, పగటి అలవాటున పోతే మోసపోతాం. ప్లాంటు పైన గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం ఉండాలి, మాది చిరిగి కర్రే మిగిలింది. తడిగుడ్డ ముక్కుకు, నోటికి అడ్డం పెట్టుకుంటే బయటపడేదాకా కాస్త ఆపుతుంది. కళ్ళలో పడితే నలపకుండా మంచినీళ్ళతో కనీసం పదిహేను నిమిషాలు కడుగుతూనే ఉండాలి. తడిసిన బట్టలు అక్కడే తీసేయాలి, సిగ్గుపడి అట్టే ఉంచుకున్నవాళ్ళకే ఎక్కువ కాలింది. 108కి, 101కి ఫోను చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ రాత్రి షిఫ్టుకు పోయినప్పుడు హాలు వెనక తలుపు ఒకసారి తోసి చూడమనండి. తెరుచుకోకపోతే ఇక్కడే మళ్ళీ రాయండి. మేం అప్పట్లో పెట్టిన అర్జీ కాపీ నా దగ్గరుంది, పేర్లు తీసేసి పెడతాను.