ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి వారం ముందు వేయించుకుంటే సరిపోతుందా?

ఘానా రాజధాని అక్రాకు వచ్చే నెలలో కుటుంబంతో ప్రయాణం, 16 నెలల బాబు ఉన్నాడు, వారం ముందు ఎల్లో ఫీవర్ సూది వేయించుకుంటే చాలా అని అడిగారు. చాలదండి. టీకా వేయించుకున్నట్టు సెంటర్ వాళ్లు ఒక కార్డు ఇస్తారు, సూది పడ్డాక 10 రోజులు గడిస్తేగానీ ఆ కార్డు చెల్లదు. మార్చి 1న వేయించుకుంటే మార్చి 11 నుంచే లెక్క. 9 నెలలు దాటిన ప్రతి ఒక్కరికీ ఘానాలో కార్డు ఉండాలి. అది లేకుండా అక్కణ్ణించి తిరిగొస్తే మన దగ్గర 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

అలాగని సరిగ్గా 11 రోజుల ముందుకి పెట్టుకోకండి. ఈ టీకా మామూలు క్లినిక్‌లో దొరకదు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు అలాంటివే. సీసాలో టీకా పొడిగా ఉంటుంది. ద్రావకం కలిపాక 6 గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబోయాల్సిందే. ఒక్కో సీసాలో చాలా డోసులు ఉంటాయి కాబట్టి జనాన్ని ఒకే రోజుకి పోగుచేసి వేస్తారు. స్లాటు కోసమే రోజులు పోతాయి. టికెట్టు ఖాయమవగానే, వీలైతే 6 నుంచి 8 వారాల ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మీ విషయంలో అసలు చిక్కు బాబుది. 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) రెండో డోసు పడాలి. అదీ ఎల్లో ఫీవరూ రెండూ బతికున్న వైరస్‌తో చేసిన టీకాలే. ఒకే రోజు వెయ్యకపోతే మధ్యలో 4 వారాలు ఆగాలి. మొన్ననే ఎంఆర్ వేయించి ఉంటే 28 రోజులు, ఆపైన కార్డుకి 10, మొత్తం 38. వచ్చే నెల ప్రయాణానికి అది అందకపోవచ్చు. ఇవాళే బాబు టీకాల కార్డు తీసి తేదీ చూడండి, పిల్లల డాక్టర్‌కి చూపించండి.

గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవాళ్లు, గర్భిణులు, కీమో గానీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు గానీ వాడుతున్నవాళ్లు, థైమస్ (ఛాతీలో ఉండే, రోగనిరోధక శక్తికి తోడ్పడే గ్రంథి) జబ్బు ఉన్నవాళ్లు సూదికి ముందే డాక్టర్‌కి చెప్పి తీరాలి. 60 దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లకి ప్రమాదం కాస్త ఎక్కువ, వాళ్లూ తప్పకుండా అడగాలి.

అసలు పాస్‌పోర్టు, జిరాక్సు పట్టుకెళ్లండి. కార్డు చేతికిచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనవాళ్లలో మామూలే. కార్డులో పాస్‌పోర్టు పేరే ఉండాలి. తేదీలో నెల అక్షరాల్లో రాయించుకోండి, 05/03 అని రాస్తే మే 3 అనుకునే దేశాలున్నాయి. బ్యాచ్ నంబరు, డాక్టర్ చేతి సంతకం, సెంటర్ ముద్ర మూడూ ఉండాలి, ఉత్త స్టాంపు సంతకం చెల్లదు. కొట్టివేతలు, దిద్దుళ్లు ఉంటే వేరే కార్డు రాయించుకోండి.

పాత కార్డు మీద 10 ఏళ్లని అచ్చయి ఉన్నా భయం లేదు. 2016 జూలై 11 నుంచి ఒక్క డోసు కార్డు జీవితాంతం చెల్లుతుంది.