రిక్రూటర్ ఎందుకు పలకడం లేదు?

ప్రశ్న: జావాలో నాలుగేళ్ల అనుభవం ఉంది. రెండు నెలలుగా లింక్డ్‌ఇన్‌లో కనిపించిన రిక్రూటర్లందరికీ "హాయ్ సర్, జావా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అని పెడుతున్నాను. ఒక్కరూ జవాబివ్వలేదు. లోపం నా ప్రొఫైల్‌లోనా, మెసేజ్‌లోనా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు మెసేజ్‌లో. రిక్రూటర్ మనకు ఉద్యోగం వెతికిపెట్టే మనిషి కాదు, తన దగ్గరున్న ఖాళీకి మనిషిని వెతికే మనిషి. వాళ్లకు డబ్బిచ్చేది కంపెనీ. ఈ వారం చేతిలో ఉన్న ఖాళీల్లో మీరు దేనికి పనికొస్తారన్నదే వాళ్ల లెక్క. ఆ లెక్క మీరే వేసి పంపాలి.

కంపెనీ కెరీర్స్ పేజీలో సరిపోయే ఖాళీ చూసి జాబ్ ఐడీ (ఆ ఖాళీకి కంపెనీ ఇచ్చిన నంబర్) రాసుకోండి. లింక్డ్‌ఇన్‌లో అదే ప్రకటన తెరిస్తే, చాలాసార్లు దాన్ని పెట్టినవారి పేరు కూడా ఉంటుంది. రాయాల్సింది ఆ ఒక్కరికే. ఉచిత ఖాతాలో కనెక్షన్ రిక్వెస్ట్‌తో పంపే నోట్ 200 అక్షరాలు దాటకూడదు, అదీ నెలకు కొన్నిటికే. కాబట్టి నోట్‌లో జాబ్ ఐడీ, అనుభవం, నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక పాత కంపెనీలో పనిచేయాల్సిన రోజులు) చాలు. యాక్సెప్ట్ చేశాక అసలు మెసేజ్ ఇలా ఉండాలి (ఇంగ్లిష్‌లోనే రాసుకోండి): "ఫలానా జాబ్ ఐడీకి అప్లై చేశాను. మొత్తం అనుభవం 4 ఏళ్ల 2 నెలలు, అందులో స్ప్రింగ్ బూట్ 3 ఏళ్లు. ఇప్పుడు విజయవాడ, హైదరాబాద్ రావడానికి సిద్ధం. నోటీస్ 60 రోజులు. రెజ్యూమె జతచేశాను."

అనుభవాన్ని 4.2 అని రాయకండి. నాలుగేళ్ల రెండు నెలలని కొందరు, నాలుగేళ్ల రెండున్నర నెలలని కొందరు చదువుతారు. తర్వాత పాత కంపెనీలిచ్చిన రిలీవింగ్ లెటర్లతో సరిచూసేటప్పుడు అనవసరమైన గొడవ. 'మొత్తం', 'రెలవెంట్' (ఆ ఉద్యోగానికి పనికొచ్చే) అనుభవాలు విడివిడిగా చెప్పండి. రిక్రూటర్ నింపే ట్రాకర్ షీట్‌లో ఆ రెండూ వేరు గడులు. ప్రస్తుత సీటీసీ (కంపెనీ మీమీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అడిగితే ఉన్నదే చెప్పండి, ఎలాగూ పేస్లిప్పులు అడుగుతారు. ఎంత ఆశిస్తున్నారంటే మాత్రం ముందు "ఈ రోల్‌కు బడ్జెట్ ఎంత?" అని మీరే అడగండి. అడిగితే తప్పు పట్టేవాళ్లు తక్కువ.

జవాబు రాకపోతే నాలుగైదు పనిదినాలు ఆగి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే వదిలేయండి, ఆ ఖాళీ నిండిపోయి ఉండొచ్చు. ఇంకో మాట: ఆ కంపెనీలో తెలిసినవాళ్లుంటే, మీరు అప్లై చేయకముందే రిఫర్ చేయమనండి, అంటే మీ పేరు వాళ్లే కంపెనీకి సూచించాలి. ముందే అప్లై చేసినవారిని కొన్ని నెలలపాటు రిఫరల్‌గా తీసుకోని కంపెనీలున్నాయి.

ఇక ప్రొఫైల్ సంగతి. ఉద్యోగాల వెబ్‌సైట్ నౌక్రీలో రిక్రూటర్లు నోటీస్ పీరియడ్, ఊరు, ఎన్ని రోజుల క్రితం సైట్‌లోకి వచ్చారు అన్న ఫిల్టర్లతో వెతుకుతారు. నెలకోసారి లాగిన్ అయితే ఆ జాబితాలోకే రారు. హెడ్‌లైన్‌లో 'హార్డ్ వర్కింగ్' తీసేసి స్కిల్స్ పెట్టండి. రెజ్యూమె రెండు నిలువు వరసల డిజైన్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ వరసలు కలిపేసి చదివే ప్రమాదముంది. ఒకే వరస, మామూలు అక్షరాలు. ఫోన్ నంబర్ వర్డ్ ఫైల్ హెడర్‌లో కాకుండా అసలు పేజీలో ఉండాలి.

ప్రశ్న: రెండు కన్సల్టెన్సీలు ఒకే కంపెనీకి నా రెజ్యూమె పంపాయట. ఇప్పుడు ఇద్దరూ ఫోన్ ఎత్తడం లేదు.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇది ఫీజు తగాదా. మీరు చేరితే కంపెనీ కన్సల్టెన్సీకి సాధారణంగా ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత ఇస్తుంది. 9 లక్షల ఉద్యోగానికి దాదాపు 75 వేలు. ముందు పంపినవారికే ఆ హక్కు, అదీ చాలాచోట్ల ఆరు నెలలపాటు. ఎవరు ముందో తేలకపోతే, ఈ తలనొప్పి మనకెందుకని కొన్ని కంపెనీలు అభ్యర్థినే పక్కన పెట్టేస్తాయి.

ఇప్పుడు చేయగలిగింది ఒకటే. మొదట ఎవరికి, ఏ తేదీన సరే అన్నారో రాసి ఇద్దరికీ ఒకే మెయిల్ పెట్టండి. దాచకండి. ఇకపై క్లయింట్ (ఉద్యోగమిచ్చే కంపెనీ) పేరు చెప్పందే రెజ్యూమె పంపడానికి ఒప్పుకోకండి. "పేరు ఇంటర్వ్యూ అప్పుడు చెబుతాం" అంటే వద్దనండి. కంపెనీ, కన్సల్టెన్సీ, తేదీ, మూడు గళ్ల కాగితం ఒకటి దగ్గరుంటే చాలు.

ప్రశ్న: లింక్డ్‌ఇన్‌లో 'ఓపెన్ టు వర్క్' (ఉద్యోగం వెతుకుతున్నానన్న గుర్తు) పెడితే మా మేనేజర్‌కు తెలుస్తుందా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వచ్చేలా పెడితే ఊరంతా చూస్తుంది. 'రిక్రూటర్లకు మాత్రమే' ఎంచుకుంటే మీ కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చూస్తామంటారు గానీ పూర్తి హామీ ఇవ్వరు. నౌక్రీలో మీ కంపెనీని బ్లాక్ చేసుకోవచ్చు. అనుబంధ కంపెనీల పేర్లూ చేర్చండి.

ప్రశ్న: ఇంటర్వ్యూ లేకుండానే ఆఫర్ లెటర్ వచ్చింది. ల్యాప్‌టాప్ డిపాజిట్‌గా 6,500 కట్టమన్నారు. మా అన్నయ్యనైతే గల్ఫ్ ఏజెంట్ లక్షన్నర అడిగాడు. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు, జగిత్యాల

జవాబు: రెండూ నమ్మొద్దమ్మా. ఇక్కడి ఉద్యోగానికి అభ్యర్థి దగ్గర డిపాజిట్ అడిగారంటే అది మోసమనే అనుకోండి. ఆఫర్ వచ్చిన మెయిల్ అడ్రస్‌లో @ గుర్తు తర్వాతి భాగం కంపెనీ వెబ్‌సైట్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత.

గల్ఫ్ లెక్క వేరు. అక్కడి ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు ఫీజు తీసుకోవచ్చు, కానీ 30,000 రూపాయలకు మించకూడదు. 18 శాతం జీఎస్టీతో కలిపి 35,400. రసీదు ఇవ్వాలి. ఆ ఏజెంటు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నాయో లేదో చూడండి. "విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మారుస్తాం" అంటే పాస్‌పోర్ట్ ఇవ్వకండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ఏ ఖాళీలున్నాయో కూడా ఒకసారి కనుక్కోమనండి.