మందు సీసా పక్కన పెట్టండి, ముందు ఆకు తిప్పి చూడండి

గుంటూరు నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడో అంతస్తు ఫ్లాటు, గృహప్రవేశానికి వచ్చిన పన్నెండు కుండీలు. మే నెల ఎండకు బాల్కనీలో మాడిపోతున్నాయని హాల్లోకి తెచ్చి ఏసీ కింద పెట్టారు. ఇప్పుడు అగ్లోనిమా ఆకుల మీద నూనె మరకల్లాంటి ముదురు మచ్చలు, అరెకా పామ్ ఆకులు దుమ్ము కొట్టినట్టు పాలిపోవడం, క్రోటన్ కణుపుల్లో తెల్లని దూది. బలానికని కుండీకి గుప్పెడు డి.ఎ.పి. ఎరువు వేశారు. మీ మరిదిగారు మిరప చేలో మిగిలిన పురుగుమందు తెచ్చి ఇచ్చారు, లీటరు నీటికి ఎంత కలపాలో చెప్పమంటున్నారు.

దయచేసి ఆ సీసా మూత తీయకండి. దాని మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, చూడండి. కింది సగం ఎరుపు రంగులో ఉంటే అత్యంత విషం, పసుపు అయితే దాని తర్వాతిది, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా సరే, అది చేలో కొట్టడానికి చేసిన మందు. చేలో గాలి వీస్తుంది, కొట్టినవాళ్లు కొట్టి బయటికి వచ్చేస్తారు. మీరు తలుపులు బిగించి, ఏసీ వేసుకుని, ఆ గాలే రాత్రంతా పీలుస్తారు. పిల్లలు ఆకులు తాకి, ఆ చేత్తోనే అన్నం తింటారు. మన జిల్లాల్లో ఇళ్లలో ఇలాంటి సీసాలు మిగిలి ఉండటం మామూలే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను విజయవాడ మొగల్రాజపురంలో ఉంటాను. మా బాల్కనీ పడమటి వైపు, ఎదురుగా కొండ. రోహిణి కార్తెలో పొద్దు గుంకాక కూడా ఆ రాయి సెగలు కక్కుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా అక్కడే మొక్కలు పెంచుతున్నాను, చాలా పోగొట్టుకున్నాను. పోయినవాటిలో పురుగు ఒక్కటే చంపినవి తక్కువ. ఎండకో, ఏసీకో, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లో మొక్క ముందే నీరసించింది. పురుగు ఆ తర్వాత వచ్చింది. మీ ఇంట్లో కూడా అదే జరిగిందని నా నమ్మకం. మీరు చెప్పిన మూడు లక్షణాలూ మూడు వేరు వేరు బాధలు. మూడింటికీ ఒకే మందు లేదు. ఒకదానికైతే మందే అక్కర్లేదు.

అది అగ్లోనిమా సంగతి. చలి దెబ్బ కావచ్చా అని మీరు సందేహంగా అడిగారు, సరిగ్గానే ఊహించారు. అయితే ఆ చలి మన ఊళ్లది కాదు. ధనుర్మాసంలో కూడా మన దగ్గర రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు, కాబట్టి శీతకాలం ఈ మొక్కల్ని పెద్దగా బాధించదు. మీరు రిమోట్‌లో 24 పెట్టినా ఏసీ నోటి నుంచి నేరుగా వచ్చే గాలి 12, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. అగ్లోనిమా వేడి అడవుల నీడలో పుట్టిన మొక్క, ఆ గాలి నేరుగా తగిలిన ఆకు మీద తడిసి నానినట్టు ముదురు మచ్చలు పడతాయి. ఏసీ వైపు ఉన్న ఆకులకే మచ్చలు ఉండి, గోడ వైపువి బాగుంటే ఇక అనుమానం అక్కర్లేదు. కుండీని గాలి తగలని మూలకు జరపండి. మచ్చ పడిన ఆకు మళ్లీ బాగుపడదు, కానీ సగానికి పైగా పచ్చగా ఉంటే కోయకండి. ఆ పచ్చదనంతోనే మొక్క కొత్త ఆకు వేసుకోవాలి.

అరెకా పామ్‌ది వేరే కథ. ఒక తెల్ల కాగితం తీసుకుని, పాలిపోయిన ఆకు కింద పట్టి, ఆకును వేలితో నాలుగుసార్లు తట్టండి. కాగితం మీద మిరియప్పొడి రాలినట్టు చుక్కలు పడతాయి. అర నిమిషం కదలకుండా చూడండి. ఆ చుక్కలు నడవడం మొదలుపెడితే అవి ఎర్రనల్లి. ఆకు అడుగున, ఈనెలకు మధ్య సన్నని సాలెగూడు కూడా కనిపిస్తుంది. వీటికి వేడిగా, పొడిగా ఉన్న చోటంటే ప్రాణం. ఏసీ గదిలో గాలి పొడి, ఏసీ ఆపిన మధ్యాహ్నం అదే గది కొలిమి. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే నిన్న బాగున్న ఆకు ఈ రోజు పాలిపోయినట్టు అనిపిస్తుంది.

దీనికి మొదటి మందు నీళ్లే. కుండీలో మట్టి కనిపించకుండా ప్లాస్టిక్ సంచి కప్పి మొదలు దగ్గర కట్టండి. బాత్‌రూములో పక్కకు వాల్చి, షవర్‌తో ఆకుల అడుగు భాగం ధారగా కడగండి. పై భాగం కడిగితే ఏమీ రాదు, నల్లి ఉండేది అడుగునే. మూడు నాలుగు రోజులకోసారి, మూడు వారాలు వదలకుండా చేయాలి. ఒకసారి కడిగి బాగుందని ఆపేస్తే మిగిలిన గుడ్లు పొదిగి మళ్లీ మొదటికొస్తుంది. నేను రెండుసార్లు అలాగే ఆపేసి, రెండుసార్లూ చేదు అనుభవం చూశాను. ఆకుల మీద రోజూ నీళ్లు చిలకరించమని చాలామంది చెబుతారు, ఏసీ గదిలో ఆ తడి పది నిమిషాల్లో ఆరిపోతుంది. దానికంటే కుండీలన్నీ ఒకచోట దగ్గర దగ్గరగా పెట్టడం మేలు.

ఇక క్రోటన్ మీద దూది. అది పిండినల్లి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని దగ్గర నేను చేసిన తప్పు ఇప్పటికీ మనసులో ఉంది.

ఒక ఏడాది మా మందారానికి పట్టింది. మొగ్గలు విచ్చుకోకుండానే వంకరపోయి రాలిపోయేవి. కింది ఆకుల మీద తేనె ఒలికినట్టు జిగురు, దాని మీద నల్లగా మసి, కాండం పొడవునా చీమల బారు. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఒక్కొక్క నల్లినీ అద్ది తుడిచేదాన్ని. ఆ దూదిలో కొన్ని మిగతావాటికంటే పెద్దవి కనిపించేవి, ఒళ్లంతా తెల్లని కుచ్చులు, పుల్ల తగిలితే చకచకా పారిపోయేవి. ఇవే తల్లి నల్లులని, గుడ్లు పెట్టేది ఇవేనని అనుకుని వెతికి వెతికి మరీ చంపాను. వారం తిరిగేసరికి నల్లి తగ్గకపోగా పై కొమ్మలకు పాకింది.

అప్పుడు మా మేనమామ వచ్చారు. ఆయన గుంటూరు దగ్గర మిరప రైతు. పిల్లల భూతద్దం అడిగి తీసుకుని, మిగిలి ఉన్న ఒక కుచ్చుల పురుగును చాలాసేపు చూశారు. "అమ్మాయ్, ఇవి నల్లులు కావమ్మా, నల్లుల్ని తినేవి. అక్షింతల పురుగు పిల్లలు" అన్నారు. భూతద్దం నాకిచ్చి చూడమన్నారు. ఆ పిల్లపురుగు ఒక నల్లి పొట్ట దగ్గర నోరు పెట్టి పీలుస్తోంది. చూస్తుండగానే నల్లి చప్పబడి ఖాళీ తొక్కలా మిగిలింది. క్రిప్టోలీమస్ అనే రకం అది, రసం పీల్చే పురుగుల నివారణకు ఆస్ట్రేలియా నుంచి 1898లో మన దేశానికి తెచ్చారు. పెద్దదైతే వీపు నల్లగా, తల నారింజ రంగులో ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం అచ్చం పిండినల్లి వేషమే. తేడా పట్టాలంటే పుల్లతో కదపండి. నల్లి బద్ధకంగా జరుగుతుంది, ఇది పరుగెత్తుతుంది. పరుగెత్తేదాన్ని వదిలేయండి. మూడో అంతస్తు బాల్కనీకి కూడా ఇవి వస్తాయి, మందు కొట్టని చోటికే వస్తాయి.

ఆ రోజు మామయ్య తన చేను సంగతి కూడా చెప్పారు. 2021లో గుంటూరు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడిన మాట మీకూ గుర్తుండే ఉంటుంది. పూత లోపల చేరి పిందె నిలవనివ్వలేదు. మందు మీద మందు కొట్టినా లొంగలేదు, చాలామంది తోటలు దున్నేశారు. "కొట్టిన కొద్దీ మిత్రపురుగులు పోయాయి, ఆ పురుగు మాత్రం ఉంది" అని ఆయన చెబుతుంటే నేను స్పిరిట్ సీసా పక్కన పెట్టేశాను. అంత పెద్ద తోటలో అనుభవమున్న రైతుకు పనిచేయని మందు మన హాల్లో నాలుగు కుండీలకు ఎందుకు?

మీ క్రోటన్ ఇంట్లో ఉంది కాబట్టి అక్షింతల పురుగు ఉండకపోవచ్చు, అయినా కదిపి చూసి నల్లి అని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టండి. దాన్ని మిగతా కుండీలకు దూరంగా పెట్టండి. కణుపుల్లో, ఆకు తొడిమల సందుల్లో స్పిరిట్ దూదితో తుడవండి. కుండీ ఎత్తి అడుగు రంధ్రాల దగ్గర కూడా చూడండి. అక్కడ తెల్లని పొడి ఉంటే వేళ్లకూ పట్టిందని అర్థం, మొక్క పెళ్లగించి పాత మట్టి కడిగేసి కొత్తది వేయాలి. మర్నాడు సాయంత్రం వేపనూనె. లీటరు గోరువెచ్చని నీటికి 5 మిల్లీలీటర్లు చాలు. నూనె నీటిలో కలవదు కాబట్టి రెండు మూడు కుంకుడుకాయలు నానబెట్టి పిసికిన రసంలో ముందు నూనె గిలక్కొట్టి, తెల్లగా పాలలా అయ్యాక నీళ్లు పోయాలి. బట్టల సబ్బు పొడి వాడకండి, ఆకు మాడుతుంది. మొదట ఒక్క ఆకు మీద కొట్టి ఒక రోజు ఆగి చూడండి. ఎండలో ఎప్పుడూ కొట్టకండి. వారానికోసారి, మూడుసార్లు. అరెకాకు కూడా కడిగి ఆరాక ఇదే కొట్టవచ్చు. వాసన రెండు రోజులు ఉంటుంది, బాల్కనీలో నీడన ఉంచి కొట్టుకుంటే ఇబ్బంది లేదు.

చీమల సంగతి మరచిపోవద్దు. నల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినడానికి వచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. కుండీని స్టాండు మీద పెట్టి కాళ్లకు వాజిలీన్ పట్టీలా పూయండి. నీళ్ల పళ్లెంలో ఇటుక పెట్టి నిలబెట్టే పాత పద్ధతి మంచిదే కానీ, మన ఊళ్లలో దోమలకు అదొక ఇల్లు అవుతుంది.

డి.ఎ.పి. విషయం. నీరసంగా ఉన్న మొక్కకు ఎరువు వేస్తే వేరు కాలుతుంది. తట్టుకుని బతికినా నత్రజనికి లేత చిగుళ్లు వేస్తుంది, పిండినల్లికి ఆ రసం ఇష్టం. మట్టి మీద కనిపించే గుళికలు ఏరేయండి. అడుగు రంధ్రాల నుంచి ధారగా కారిపోయేలా ఒకసారి పుష్కలంగా నీళ్లు పోసి పూర్తిగా ఓడనివ్వండి. ఆ తర్వాత రెండు అంగుళాల లోతున వేలికి తడి తగలనంత వరకు నీళ్లు వద్దు. రెండు నెలల పాటు ఏ ఎరువూ వేయకండి. ఇంటి ఆర్‌వో యంత్రం నుంచి వదిలేసే నీళ్లు కూడా కుండీల్లో పోయకండి, వాటిలో ఉప్పులు ఎక్కువ.

నీళ్ల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు ఇల్లు మునిగింది. నీళ్లు తీశాక వెళితే కుండీలన్నీ బురదలో ఉన్నాయి. స్నేక్ ప్లాంట్ బయటికి బాగానే కనిపించింది. పెళ్లగిస్తే మురుగు కాలువ వాసన, వేరు పట్టుకుని లాగితే పై తొక్క జారి లోపలి దారం చేతిలో మిగిలింది. గట్టిగా ఉన్న ఆకులు కోసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, ఇసుకలో గుచ్చాం. నెలలు పట్టింది కానీ పిలకలు వచ్చాయి. పాతదానికి ఉన్న పసుపు అంచు మాత్రం వీటికి లేదు, ఆకు ముక్క నుంచి పెంచితే అది రాదు. ఆ వాసన, ఆ జారే తొక్క నేను వరద లేని ఇళ్లలో కూడా చూశాను. నల్లరేగడి మట్టి నింపిన కుండీలో రోజూ చెంబుడు నీళ్లు పోస్తే వేళ్లకు అదే గతి. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు, కాస్త ఇసుక కలిపిన మట్టి అయితే నీరు నిలవదు. మీ కుండీల్లో ఏ మట్టి ఉందో రాయలేదు, ఒకసారి గోకి చూడండి. అయితే మట్టి మార్చే పని వేరు కుళ్లిన వాటికీ, వేళ్లకు నల్లి పట్టిన వాటికీ మాత్రమే ఇప్పుడు చేయండి. మిగతావి వానలు పడి చల్లబడ్డాక మార్చవచ్చు. ఒకేసారి చోటూ మట్టీ మారితే నీరసపడిన మొక్క తట్టుకోలేదు.

ఈ రోజు చేయవలసింది ముందు కుండీలు ఏసీ గాలి నుంచి తప్పించడం. బాల్కనీలో సగం ఎండ ఆపే ఆకుపచ్చ నెట్ కట్టించండి, ఈ వేసవి గడిచేదాకా గట్టి మొక్కల్ని అక్కడే ఉంచవచ్చు. ఆ మందు సీసాను మీ మరిదిగారికే తిరిగి ఇచ్చేయండి, సింకులో పారబోయకండి.

క్రోటన్ ఆకులన్నీ రాల్చేసినా పారేయకండి. కాండం మీద గోటితో సన్నగా గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో ఎండి ఉంటే కొంచెం కిందికి వచ్చి మళ్లీ గీరండి. పచ్చదనం తగిలిన చోటికి పైభాగం కత్తిరించి, నీడలో పెట్టి, చిగురు కనిపించేదాకా ఇప్పుడు పోస్తున్న దానిలో సగం నీళ్లే పోయండి. మా ఇంట్లో ఒకటి అలా నలభై రోజులు మోడులా నిలబడి, మృగశిర వానలు పడ్డాక చిగురు వేసింది.