కరోనా టైంలో శాస్త్రవేత్తలు రోజుకో మాట మార్చారు కదా, ఆ పరిశోధనల వల్ల మనకి నిజంగా ఒరిగిందేమిటి?

ఒరిగింది చాలానే ఉందండీ. మనమే పట్టించుకోలేదు.

నాది విశాఖపట్నం. కేజీహెచ్ అనే పెద్దాసుపత్రి డౌన్‌లో చిన్న మెడికల్ షాపు. డాక్టర్ని కాను, బి.ఫార్మసీ చదివాను. కానీ ఆ రెండేళ్ళూ కౌంటరు వెనక నిలబడి, పొద్దున టీవీలో ఏ ముక్క వస్తే సాయంత్రానికి ఏ బిళ్ళ ఖాళీ అయ్యేదో కళ్ళారా చూసినవాణ్ణి. కాబట్టి ఈ విషయంలో పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళ కంటే నాకే ఎక్కువ తెలుసని మొహమాటం లేకుండా చెబుతాను. వ్యాక్సిన్ గురించి అందరూ చెబుతారు, నేను చెప్పను. నేను చెప్పేది డెక్సామెథాసోన్ అనే బిళ్ళ గురించి.

మా షాపులో అది కింది సొరుగులో పడి ఉండేది. స్ట్రిప్పు ఖరీదు పది రూపాయల లోపు. 1950లలో తయారైన పాతకాలం స్టెరాయిడ్, ఎలర్జీలకీ వాపులకీ డాక్టర్లు ఎప్పటినుంచో రాస్తున్నదే. దాని కోసం కంపెనీ రిప్రజెంటేటివ్ ఎవరూ బేగు పట్టుకుని రారు, ఎందుకంటే దానిలో మిగిలేదేమీ లేదు.

మన ఊళ్ళో అల్లిపురంలో మొదటి కేసు బయటపడింది 2020 మార్చి మూడో వారంలో. సరిగ్గా ఆ వారంలోనే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 'రికవరీ' అనే ట్రయల్‌లో మొదటి పేషెంటుని చేర్చుకున్నారు. పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే అని ఇద్దరు ప్రొఫెసర్లు దాన్ని నడిపారు. పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆసుపత్రిలో చేరిన మనిషి ఒప్పుకుంటే, ఈ మందు ఎవరికి పడాలి, ఎవరికి వద్దు అన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తీసి చెబుతుంది. డాక్టరు ఇష్టాయిష్టాలకి తావు లేదు, సిఫార్సు పనిచేయదు. 28 రోజులయ్యాక మనిషి ఉన్నాడా లేడా అని చూస్తారు. 2104 మందికి రోజుకి 6 మిల్లీగ్రాముల చొప్పున, మహా అయితే పది రోజులు డెక్సా ఇచ్చారు. 4321 మందికి మామూలు వైద్యం చేశారు. జూన్ 16న ఫలితం చెప్పేశారు. వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో, ఈ మందు పడనివాళ్ళు నూటికి 41 మంది పోతే, పడినవాళ్ళు 29 మంది పోయారు. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవాళ్ళలో 26 మంది పోయేచోట 23 మంది. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్ళకి మాత్రం వీసమెత్తు లాభం లేదు, పైగా కీడు చేస్తుందేమో అనే అనుమానం. ఈ ఆఖరి ముక్క గుర్తు పెట్టుకోండి, మన కొంప ముంచింది అదే.

మూడు నెలలు తిరగకుండా ఇంత స్పష్టంగా తేలిన సంగతి ఆ రోజుల్లో ఇంకోటి లేదు. 2021 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళు వేసిన అంచనా ప్రకారం ఈ మందు అప్పటికే వాళ్ళ దేశంలో 22 వేల మందిని, ప్రపంచం మొత్తం మీద పది లక్షల మందిని నిలబెట్టింది. మరి మన వీధిలో ఒక్కరైనా దీని గురించి మాట్లాడగా విన్నారా? నేను వినలేదు. మా కౌంటరు దగ్గర అందరూ అడిగింది మలేరియాకి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్.

దాని కథ చెబితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 2020 మార్చిలో భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, వైద్య సిబ్బందీ రోగి ఇంట్లోవాళ్ళూ ముందుజాగ్రత్తగా వాడొచ్చని సలహా ఇచ్చింది. అంతే, ఎంవీపీ కాలనీ నుంచి ఎన్ఏడీ దాకా ప్రతివాడూ వైద్య సిబ్బంది అయిపోయాడు. స్టాకు ఒక్క పూటలో ఊడ్చుకుపోయారు. మా దగ్గర ఏళ్ళ తరబడి అదే బిళ్ళ కొనే పెద్దావిడ ఒకరు ఉన్నారు. కీళ్ళవాతం, వేళ్ళు వంకర్లు తిరిగిపోయి డబ్బులు కూడా లెక్కపెట్టలేరు, పర్సు తెరిచి కౌంటరు మీద పెట్టి "నువ్వే తీసుకో నాయనా" అంటారు. ఆవిడకి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క స్ట్రిప్పు లేదు. కొనుక్కెళ్ళినవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో అవి ఎక్స్‌పైరీ అయిపోయి ఉంటాయి. 'రికవరీ' వాళ్ళే జూన్ మొదటి వారంలో ఆ మందు వల్ల ఉపయోగం లేదని తేల్చేశారు.

రోజుకో మాట అన్నారు కదా, బహుశా మీ మనసులో ఉన్నది లాన్సెట్ అనే వైద్య పత్రిక గొడవ అయి ఉంటుంది. అదే హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడితే ఎక్కువ మంది చనిపోతున్నారని మే 22న ఆ పత్రికలో ఒక పేపరు వచ్చింది. దాన్ని చూసి డబ్ల్యూహెచ్ఓ తన ట్రయల్‌ని కొన్నాళ్ళు ఆపేసింది. తీరా ఆ డేటా ఇచ్చిన కంపెనీ అసలు లెక్కలు చూపించలేక చేతులెత్తేసింది. జూన్ 4 కల్లా పేపరు వెనక్కి తీసుకున్నారు. దీన్ని మీరు మాట మార్చడం అంటారు. నేనైతే రెండు వారాల్లో దొంగని పట్టుకోవడం అంటాను. మన దగ్గర మిరియాల కషాయం దగ్గర నుంచి గుర్రపు డోసు విటమిన్ల దాకా అమ్మినవాళ్ళలో ఒక్కడైనా వెనక్కొచ్చి "తప్పు చెప్పానండీ" అన్నాడా?

సరే, అసలు సంగతికొస్తాను. 2021 ఏప్రిల్ ఆఖరు. స్టీల్ ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్ర వెళ్తున్నాయని టీవీలో గొప్పగా చూపిస్తున్నారు, ఊళ్ళో మాత్రం ఆక్సిజన్ బెడ్ కావాలంటే ఎమ్మెల్యే గారి ఫోను ఉండాలి. రాత్రి కర్ఫ్యూ. షట్టరు సగం దించి లెక్క చూసుకుంటుంటే ఒక కుర్రాడు వంగి లోపలికి తల పెట్టాడు. హెల్మెట్ తీయలేదు. చేతిలో చీటీ చెమటకి నానిపోయి 'రెమ్' దాకానే కనబడుతోంది, పక్కన ఆరు వయల్స్ అని ఉంది. తండ్రి గాజువాక వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్ళు ఈ చీటీ చేతిలో పెట్టి, బయట ఎక్కడైనా తెచ్చుకోమన్నారట. రెమ్‌డెసివిర్ ఇంజక్షను మాలాంటి చిన్న షాపుల ముఖం చూసింది ఎప్పుడు? పోనీ ఆసుపత్రికి తెలియదా అంటే, తెలుసు. తెలిసే పంపుతారు. రేపు ఏమైనా అయితే "మీరే తేలేకపోయారు" అనడానికి.

"ఎంతైనా పర్లేదు మాస్టారూ, ఇప్పించండి" అన్నాడు. బట్టల షాపు సంచీలో డబ్బు ఉంది. అమ్మ గొలుసు తాకట్టు పెట్టారట. అంతకు వారం ముందే కేంద్రం ధరలు తగ్గించింది, కంపెనీని బట్టి వయలు 899 నుంచి 3490 దాకా. అది పేపర్లో ధర. ఇతనికి శ్రీకాకుళం వైపు ఎవడో ఒక్కోటి పాతిక వేలు చెప్పాడు.

ఆసుపత్రిలో ఏం ఇస్తున్నారో చూపించమన్నాను. ఫోన్లో ఉన్న ఫోటో తీసి చూపించాడు. కేసు షీటు, వంకర గీతలు, పైన ఆక్సిజన్ ఎనిమిది లీటర్లు, దాని కింద డెక్సా 6 ఎంజీ రోజుకి ఒకసారి, ఆ కింద రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే సూది. నేను స్క్రీను మీద వేలు పెట్టి చూపించాను. "ఇదిగో బాబూ, ప్రాణం నిలబెట్టే మందని తేలింది ఇది. ఇది పడుతూనే ఉంది. ఇక వెళ్ళి ఆయన్ని వీలైనంతసేపు బోర్లా పడుకోబెట్టమను."

"ఇది ఎంత ఉంటాది?"

"బిళ్ళలైతే పది రూపాయలు కూడా ఉండదు."

నన్ను తిట్టడానికి నోరు రాక ఆగిపోయాడు. "మా నాన్నని పది రూపాయల మందు మీద ఒగ్గేయమంటారేటి మాస్టారూ?"

నేను కూర్చోబెట్టి చెప్పాను. డబ్ల్యూహెచ్ఓ సాలిడారిటీ అని చాలా దేశాల్లో ట్రయల్ చేసింది, అందులో మన దేశం కూడా ఉంది, 2020 అక్టోబరులో లెక్క తేలితే రెమ్‌డెసివిర్ వల్ల చావులు తగ్గినట్టు కనబడలేదు, నవంబరులో వాడొద్దని కూడా చెప్పారు. అమెరికా వాళ్ళ ట్రయల్‌లో మాత్రం పదిహేను రోజులకి కోలుకునేవాళ్ళు పది రోజులకి కోలుకున్నారు, అంతే. అతను మొత్తం విని, "అంటే పనిచేస్తాదన్నమాటే కదా!" అన్నాడు. ఆ పది రోజుల ముక్క చెప్పకుండా ఉండాల్సింది అనుకునేలోపే బండి స్టార్ట్ చేశాడు.

వయల్స్ తెచ్చాడు. వేయించాడు. తండ్రి బతికాడు.

కర్ఫ్యూలన్నీ సడలించాక ఓ సాయంత్రం మాడుగుల హల్వా పేకెట్టు పట్టుకుని షాపుకొచ్చాడు. "ఆ ఇంజక్షనే కాపాడింది మాస్టారూ, మీరు వద్దన్నారు గానీ" అన్నాడు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉందట. నేను హల్వా తిన్నాను, వాదించలేదు. జలుబుకి మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఒక మనిషికి నాలుగు మందులు కలిపి వేసి, బతికాక దేనివల్ల బతికాడు అంటే బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అందుకే ఆ ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఆరు వేల పైచిలుకు మందిని చీటీ తీసి రెండుగా విడదీశారు. కాకపోతే నన్నడిగితే ఆయన్ని కాపాడింది డెక్సాయే అయి ఉంటుందంటాను.

ఖరీదైనవన్నీ దండగ అని నా ఉద్దేశం కాదు. టోసిలిజుమాబ్ చాలా ఖరీదైన ఇంజక్షను, దాన్నీ అదే 'రికవరీ'లో అలాగే పరీక్షించారు, సీరియస్‌గా ఉన్నవాళ్ళకి పనిచేస్తుందని 2021 ఫిబ్రవరిలో చెప్పారు. పరీక్షకి నిలబడితే ధరతో గొడవ లేదు. మన జనానికి మాత్రం ధరే పరీక్ష. కోవిడ్‌కని ఇచ్చిన ఫావిపిరావిర్ బిళ్ళ వచ్చిన కొత్తలో ఒక్కోటి 103 రూపాయలు, మొదటి రోజే పద్దెనిమిది మింగాలి. ఇడ్లీ కూడా సయించని మనిషి పద్దెనిమిది బిళ్ళలు! ఆ బిల్లు చూసి ఒక్కరు నోరెత్తలేదు. అదే మందు పావలాది అయితే "ఇది పనిచేస్తుందా?" అని పది ప్రశ్నలు.

కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసి రోగికి ఎక్కించే ప్లాస్మా సంగతైతే ఇంకా బాధ. అది ఏ తెల్లవాళ్ళో చెప్పింది కాదు, మన ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన ట్రయల్. ప్లాస్మా ఎక్కించినా జబ్బు ముదరడం ఆగలేదు, చావులూ తగ్గలేదు అని 2020 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మనవాళ్ళే, మన డబ్బుతో, ఆ గందరగోళంలో అంత పద్ధతిగా చేసిన పని. దాన్ని వైద్య మార్గదర్శకాల్లోంచి తీసేయడానికి 2021 మే దాకా పట్టింది. ఈలోగా సెకండ్ వేవ్ అంతా మా కాలనీ గ్రూపుల్లో "ఏబీ పాజిటివ్ ప్లాస్మా అర్జెంట్" అని మెసేజీలు. అప్పుడే కోలుకున్న కుర్రాళ్ళు పాపం నీరసంతో తూలుతూ వెళ్ళి ఇచ్చొచ్చేవారు.

ఇక ఇందాక గుర్తు పెట్టుకోమన్న ముక్క. డెక్సా విలువ జనానికి చివరికి తెలిసింది, తెలియాల్సిన తీరులో కాదు. ఎవడో 'కోవిడ్ కిట్' అని చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. అందులో ఐవర్‌మెక్టిన్, అజిత్రోమైసిన్, జింకు, చివర ఒక స్టెరాయిడ్. ఆక్సిజన్ 98 ఉన్నవాళ్ళు, జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే మొదలెట్టేశారు. షుగరున్నవాళ్ళు కూడా. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి వద్దని పది నెలల ముందే తేలిన సంగతి. అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు గులేరియా గారు టీవీలో మొత్తుకున్నారు, ముందే స్టెరాయిడ్లు వాడొద్దని. ఎవరు విన్నారు? మే నెలలో అదే కేజీహెచ్ డౌన్‌లో యాంఫోటెరిసిన్-బి చీటీలు పట్టుకుని జనం తిరిగారు, బ్లాక్ ఫంగస్‌కి. షుగరూ, ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లూ కలిసి చేసిన పని అది. ఒక కంటికి గాజుగుడ్డ కట్టుకున్న భర్తని ఆటోలో కూర్చోబెట్టి, ఒకావిడ షాపు షాపుకీ దిగి అడగడం చూశాను. మా దగ్గరా లేదు, పక్కనా లేదు.

కాబట్టి పరిశోధన మాట మార్చలేదండీ. ఎవరికి, ఎప్పుడు, ఎంత అని మూడు ముక్కల్లో చెప్పింది. మనం మందు పేరు ఒక్కటే పట్టుకున్నాం.

ఇప్పటికీ చలికాలం వస్తే మొదలు. "ఆ తెల్ల చిన్న బిళ్ళ ఉంటాది కదా, దగ్గు తగ్గట్లేదు, రెండు రోజులకి ఇచ్చేయండి" అంటారు. డాక్టరు చీటీ లేకుండా నేను ఇవ్వను. సణుక్కుంటూ వెళ్ళిపోతారు. నాలుగడుగులు వేస్తే ఇంకో షాపులో దొరుకుతుందని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.