రిజిస్టర్ చూశాకే కోర్టు మెట్లెక్కు

చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

లీగల్ ఎయిడ్ ప్యానెల్లో నీకు చోటు దొరికిందనీ, మొదటి కేసే పదిహేడేళ్ల కుర్రాడు ముద్దాయిగా ఉన్న మర్డర్ కేసనీ మీ నాన్న చెప్పాడు. వకీలు గుమస్తాగా కట్టలు మోసినవాడి ఇంట్లోంచి లాయరు వచ్చిందంటే గర్వంగానే ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వకాలత్, ఎఫ్ఐఆర్ కాపీ నీకు చెప్పక్కర్లేదు. రిమాండ్ రిపోర్టులో వయసు దగ్గర ఆగు. నేరం నాటికి పద్దెనిమిది నిండనివాడైతే కేసు జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం కిందికి వస్తుంది. 'సుమారు 19' అని ఉంటే ఆ సుమారు ఎవరి నోట వచ్చిందో కనుక్కో.

2002లో మా సీనియర్ గారి దగ్గరికి ఒక హత్య కేసు వచ్చింది. గట్టు తగాదా, ముద్దాయిలు అన్నదమ్ములు. తమ్ముడికి మీసం కూడా మొలవలేదు. స్టేషన్లో అడిగితే పందొమ్మిది అన్నాడట. తక్కువ చెబితే హోంకు పంపేసి అన్న నుంచి విడదీస్తారని వాడి భయం. సీనియర్ గారేమో వయసు మాట ఎత్తితే నేరం ఒప్పుకున్నట్టవుతుందనీ, 'ఆ రోజు వీళ్లు ఊళ్లోనే లేరు' అన్న వాదన చెడుతుందనీ అనుకున్నారు. ఎంత తెలివైన మనిషి, ఎంత పొరపాటు! వయసు తేల్చడం వేరు, నేరం తేల్చడం వేరు. ఇద్దరికీ యావజ్జీవం పడింది. అప్పీలూ పోయింది.

ఆ తర్వాత ఒకరోజు వాళ్లమ్మ మా వరండాలో కూర్చుని కొంగు ముడి విప్పి, మడతల్లో చిరిగిపోయిన చిన్నవాడి బడి టీసీ తీసింది. రేషన్ కార్డు కోసం పెట్టె వెతుకుతుంటే దొరికిందట. నేనే బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ తీయించాను. అంచులు చెదలు తినేసిన పెద్ద పుస్తకం. వాడి పేరు పక్కన తండ్రి వేలిముద్ర. ఆ లెక్కన హత్య నాటికి వాడికి పదహారేళ్లు. తీర్పు అయిపోయాక కూడా వయసు మాట ఎత్తవచ్చని బాలల న్యాయ చట్టానికి 2006లో సవరణ వచ్చింది కాబట్టి బయటపడ్డాడు. మూడేళ్లకు మించి స్పెషల్ హోంలో ఉంచకూడని పిల్లాడు దానికి రెట్టింపు కాలం సెంట్రల్ జైల్లో ఉన్నాడు. వాళ్లమ్మ సున్నుండలు తెచ్చింది. సీనియర్ గారు ఒక్కటీ ముట్టలేదు.

ఇప్పుడు 2015 నాటి కొత్త బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వరస స్పష్టంగా చెప్పింది. ముందు బడి సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది. పదిహేడేళ్ల వాడికి అది చాలు, కొంప మునగడానికి. ఆధార్ పట్టుకుని వెళ్లకు. పుట్టిన తేదీకి అది రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. మన ఊళ్లల్లో సగం మంది బడి తెరిచే జూన్‌లోనే పుట్టారు కదా, పంతుళ్ల పుణ్యమా అని! పీపీ (ప్రభుత్వ ప్లీడరు) దాని మీదే పడతాడు. ఆ తేదీ ఎవరు చెబితే రాశారో హెడ్మాస్టరు చేత చెప్పించు.

పేరు కూడా సరిచూడు. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడిన మనిషికి నేరం నాటికి పన్నెండేళ్లేనని రాజస్థాన్‌లోని బడి రికార్డు బయటపెట్టింది. బడిలో పేరు ఒకటి, కోర్టులో ఇంకొకటి. ఇరవై ఎనిమిదేళ్లు లోపల ఉన్నాక 2023లో సుప్రీంకోర్టు వదిలింది.

నీ కుర్రాడు పదహారు దాటినవాడు, కేసు ఘోర నేరం కాబట్టి, వాడిని పెద్దవాడిలా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది. అక్కడ నేరం చేశాడా లేదా అని వాదిస్తూ కూర్చోకు. వాడి మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలిసే తెలివిడి, నేరం జరిగిన పరిస్థితులే అక్కడ చూసేది. పెద్దవాడిలా విచారించమని చిల్డ్రన్స్ కోర్టుకు పంపినా, ఉరి గానీ విడుదలకు వీల్లేని యావజ్జీవం గానీ వేయకూడదు. ఈ మాట వాడి తల్లికి మొదటి రోజే చెప్పు, ఆవిడకు అన్నం దిగుతుంది.

ఇంకోటి, గట్టిగా చెబుతున్నా. ఇరవై ఏళ్ల వాడిని పదిహేడు చేసి పెట్టమని బేరానికి వచ్చేవాళ్లు ఉంటారు. కోర్టు బయట జిరాక్స్ షాపుల దగ్గర అలాంటి టీసీలు పుట్టడం నేను కళ్లారా చూశాను. అలాంటి కాగితం ఫైల్లో పెట్టావని తెలిసిందా, నాతో మాట్లాడకు.

కోప్పడ్డానని బాధపడకు తల్లీ. సెలవులిస్తే బడికి తాళం పడుతుంది, ఈ వారమే వెళ్లు. ఆ మారుమూలకు ఒక్కదానివే వెళ్లొద్దు, నేనొస్తాను. మోకాలికి బెల్టు కొన్నాను, బస్సెక్కగలను.

ఆశీస్సులతో,
తాతయ్య