వాడి డబ్బా పారేశాను, ఇప్పుడేం చెయ్యను?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు, రెండో తరగతి. బడి నుంచి ఇల్లు పది నిమిషాల దారి. వాడితో వస్తే ముప్పావుగంట. గోడమీద నాచు, మెకానిక్ షాపు ముందు నీళ్ళలో తేలే నూనె రంగులు, అన్నిటి దగ్గరా నిలబడిపోతాడు. జేబులనిండా రాళ్ళు, ఈకలు, గాజుముక్కలు. క్లాసులో కిటికీ ఎండలో దుమ్ము చూస్తూ కూర్చుంటున్నాడని టీచరు చెప్పారు. వీడికేమైనా లోపమా అని మావారి భయం. పోయిన వారం కోపమొచ్చి, వాడు దాచుకున్న బిస్కెట్ల డబ్బా చెత్తబండిలో వేసేశాను. వాడు ఏడవలేదు. కానీ అప్పట్నుంచి ఏమీ తేవడం లేదు, దారిలో ఆగడమూ లేదు. అదే నాకు దిగులుగా ఉంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీకు కలిగిన దిగులు సరైనదే. మీవారి భయం సంగతి ముందు చెబుతాను. పిలిస్తే పలుకుతూ, తోటిపిల్లలతో ఆడుకుంటూ, చూసినదాన్ని మీకు చూపించాలని చెయ్యి పట్టుకు లాగే పిల్లాడైతే, దుమ్ము చూస్తూ కూర్చున్నంత మాత్రాన లోపమని కాదు. వీటిలో దేనిమీదైనా అనుమానముంటే పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి.

నేను ముప్పై ఏళ్ళు చిన్నతరగతులకి పాఠం చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాప లెక్కల గంటలో అగ్గిపెట్టె తెరిచింది. లోపల కాస్త తడిమన్ను, రెండు గడ్డిపరకలు, కుంకుమలో ముంచిన ముఖమల్ ముక్కల్లా మూడు ఆరుద్ర పురుగులు. కసిరి, బయట పారబోయించాను. ఐదో తరగతి దాటేదాకా ఆ పాప పాఠాలన్నీ చక్కగా అప్పజెప్పింది. నాకు మాత్రం మళ్ళీ ఏదీ చూపించలేదు.

ఎన్నో ఏళ్ళకి ఒక తొలకరి నాడు నేనే ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుంది. కాసేపు కదలకుండా కూర్చుంటే ఒక్కో కాలూ చాపింది. లెక్కపెట్టాను, ఎనిమిది. మనం పురుగంటాం గానీ అది సాలీడుకి చుట్టం. ఏడాదిలో ఎక్కువకాలం మట్టిలోపలే ఉండి, వాన పడితే పైకొస్తుంది. ఆ రోజు లెక్కల గంటలో ఆ కాళ్ళే అందరిచేతా లెక్కపెట్టించి ఉండాల్సింది. ఆ బాధ నాకింకా పోలేదు.

మీవాడు ఆగి చూసే నూనె రంగులున్నాయే, అవి నూనె రంగులు కావు. నీళ్ళమీద నూనె మహా పల్చటి పొరగా పరుచుకుంటుంది. దాని పైనుంచి కొంత వెలుగు, అడుగునుంచి కొంత వెలుగు తిరిగొచ్చి కలిసినచోట ఆ రంగులు పుడతాయి. సబ్బుబుడగలో జరిగేదీ అదే. నెమలీకలోనూ నీలంరంగు పదార్థమేదీ ఉండదు, అంతా ఈక అల్లిక వెలుగుతో చేసే పనే. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్, 1921లో ఓడలో వెళుతూ మధ్యధరా సముద్రం అంత నీలంగా ఎందుకుందా అని చూస్తూ ఆలోచనలో పడ్డారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చాక కూడా ఈకలు, గవ్వలు, రాళ్ళ రంగుల వెంటే తిరిగారు. మీవాడు శాస్త్రవేత్త అవుతాడని చెప్పడం కాదమ్మా ఇది. ఏమీ కాకపోయినా సరే, వాడు చూస్తున్నది చూడదగ్గదే.

ఇవాళ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, “నిన్నడక్కుండా నీ డబ్బా పారేశాను నాన్నా, తప్పు చేశాను” అనండి. కొత్త డబ్బా కొనిచ్చి సరిపెట్టకండి. పోయిన డబ్బాలో ఏమేం ఉన్నాయో చెప్పమనండి. ఒక్కోటి ఎక్కడ దొరికిందో కూడా చెబుతాడు, మధ్యలో లేవకుండా వినండి. గాజుముక్కలు మాత్రం వద్దనండి. గురివింద గింజలేమైనా తెస్తే, అవి విషం, నోట్లో పెట్టుకోకూడదని గట్టిగా చెప్పి, మూత బిగించిన సీసాలో మీ అందుబాటులోనే ఉంచండి. పాఠం జరిగేటప్పుడు వినాలన్న మాటా చెప్పాల్సిందే.

జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. వాన వెలిశాక ఊరి బయట ఇసుకనేల ఉన్నచోటికి ఇద్దరూ వెళ్ళండి. అగ్గిపెట్టెకి సూదితో చిల్లులు పొడిచి, తడిమన్ను వేసి తీసుకెళ్ళండి. ఆరుద్ర పురుగు కనబడితే కాళ్ళు వాణ్ణే లెక్కపెట్టనివ్వండి. చీకటి పడేలోపు ఎక్కడ తీశారో అక్కడే వదిలి రండి.